డ్రై డాక్‌కు ముందు చివరి ట్రిప్పా, తర్వాత మొదటి ట్రిప్పా? సింగపూర్ నుంచి 4 రాత్రుల క్రూజ్

అలిపిరి రోడ్డు, తిరుపతి:

అందరికీ నమస్కారం. మామగారి షష్టిపూర్తికి నవంబర్‌లో సింగపూర్ నుంచి 4 రాత్రుల క్రూజ్ బుక్ చేయాలి. మామగారు, అత్తగారు, మేమిద్దరం, ఏడేళ్ల పాప, మొత్తం ఐదుగురం. అత్తగారికి ఆయాసం, ఇన్‌హేలర్ వాడతారు.

ఓడ క్యాలెండర్‌లో నెల మధ్యన 12 రోజులు ఒక్క ట్రిప్పూ లేదు. ఏజెంటును అడిగితే డ్రై డాక్ అన్నాడు, అంటే ఓడను నీళ్లలోంచి బయట పెట్టి రిపేరు చేయడమట. ఆ ఖాళీకి ముందున్న చివరి ట్రిప్పు, ఖాళీ అయ్యాక మొదటి ట్రిప్పు, రెండూ మనిషికి 7,000 దాకా తక్కువ. ఇంకో నాలుగు వారాలు ఆగితే మామూలు రేటు. తక్కువ రేటు చూసి ఇంట్లో అందరూ మొదటి ట్రిప్పు తీసుకుందామంటున్నారు, రిపేరు అయి కొత్తగా ఉంటుంది కదా అని. తెలిసినవాళ్లు చెప్పండి: ఏది తీసుకోవాలి? ట్రిప్పు రద్దయితే డబ్బులు ఎంతవరకు వస్తాయి? విమాన టికెట్లు ఇప్పుడే కొనచ్చా?

నీవా ఒడ్డు, చిత్తూరు:

తమ్ముడూ, మొదటి ట్రిప్పు వద్దు. ఎందుకో చెప్తాను.

లారీకి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉన్నట్టే ప్రయాణికుల ఓడకు ఏటా సర్వే, అంటే తనిఖీ, ఉంటుంది. సోలాస్ అనే అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఓడ అడుగుభాగాన్ని ఐదేళ్లలో కనీసం రెండుసార్లు నీళ్లలోంచి బయట పెట్టి చూడాలి. ఆ రెండింటికీ మధ్య 36 నెలలు దాటకూడదు. మిగతా ఏళ్లలో డైవర్లు నీళ్లలోనే చూస్తారు. కాబట్టి డాక్‌కు పోతోందంటే ఓడ పాడైందని కాదు. మన సెట్టిపల్లె వర్క్‌షాపులో రైలు బోగీలకు పీఓహెచ్ (గడువు ప్రకారం విప్పి బాగుచేయడం) చేసినట్టు, గడువుకు చేసే పని అది.

డాక్‌లో ఏం జరుగుతుందో తెలిస్తే తేదీలు ఎందుకు జరుగుతాయో అర్థమవుతుంది. ఓడ లోపలికి వచ్చాక గేటు మూసి నీళ్లు తోడేస్తారు. ముందుగానే పేర్చి పెట్టిన దిమ్మెల మీద ఓడ కూర్చుంటుంది. దిమ్మె ఆనిన చోట రంగు వేయడానికి కుదరదు. అందుకే మళ్లీ డాక్ చేసేటప్పుడు దిమ్మెలను పక్కకు జరిపి పేరుస్తారు. అడుగున పట్టిన నాచు, గవ్వపురుగులను గట్టి ఒత్తిడి నీళ్లతో గీకి, ఉప్పు కడిగి, తుప్పు పట్టిన చోట ఇనుము తేలేదాకా ఊడ్చి, మళ్లీ పొరలు పొరలుగా రంగు వేస్తారు. గాలిలో తేమ 85 శాతం దాటినా, ఇనుము వేడి మంచు బిందువు (గాలిలో తేమ నీటి చుక్కలయ్యే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోయినా రంగు వేయకూడదు. వేస్తే పొర ఊడొస్తుంది. నవంబర్ అంటే సింగపూర్‌లో వానలు ఎక్కువ. ఒక్క మధ్యాహ్నం గట్టి వాన పడితే ఆ రోజు పొర రేపటికి పోతుంది. దాని మీది పొర ఎల్లుండికి పోతుంది.

ఇక లోపల దాగిన పని ఉంటుంది. ప్రొపెల్లర్ సీళ్లు, ఓడను పక్కకు తోసే థ్రస్టర్లు, ఊగకుండా ఆపే స్టెబిలైజర్ రెక్కలు, సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే వాల్వులు, ఇవన్నీ విప్పి చూస్తేగానీ ఎంత అరిగాయో తెలియదు. పెద్ద బేరింగ్ పోయిందని తేలితే అది షాపులో దొరికే సామాను కాదు. పైగా పెద్ద ఓడలు పట్టే డాక్‌లు ప్రపంచంలో తక్కువ, చాలా ముందుగానే బుక్ అయి ఉంటాయి. మన ఓడ వెనకాల ఇంకో ఓడ కాచుకుని ఉంటుంది.

2019 ఏప్రిల్ 1న బహామాస్‌లోని ఫ్రీపోర్ట్ ఓడల రిపేరు యార్డులో ఒయాసిస్ ఆఫ్ ది సీస్ అనే క్రూజ్ ఓడ డాక్‌లో ఉండగా క్రేన్ కూలి ఓడ మీద పడింది. ఆ తర్వాతి మూడు ట్రిప్పులు రద్దు చేసి, ఓడను రిపేరుకు స్పెయిన్‌లోని కాడిజ్‌కు పంపారు. అంత పెద్ద ప్రమాదం అరుదే. కానీ దెబ్బ తగిలింది ఎవరికో చూడండి: డాక్ తర్వాత టికెట్లు కొన్నవాళ్లకు. డాక్‌కు ముందు ట్రిప్పు రద్దవడం చాలా తక్కువ, ఎందుకంటే ఓడ అప్పటికి నడుస్తూనే ఉంటుంది.

గాంధీ రోడ్డు, తిరుపతి:

అన్న చెప్పింది నిజం, ఒక మాట చేరుస్తాను. ట్రిప్పు ఎంత చిన్నదైతే దెబ్బ అంత పెద్దది. ఓడ రెండు రోజులు ఆలస్యమైతే 7 రాత్రుల ట్రిప్పులో ఒక పోర్టు తీసేసి 5 రాత్రులకు కుదిస్తారు. 4 రాత్రుల ట్రిప్పులో రెండు రోజులు పోతే మిగిలేదేంటి? రద్దు చేయడమే వాళ్లకు సులువు.

డబ్బు సంగతి. కంపెనీ తనంతట తాను ట్రిప్పు రద్దు చేస్తే క్రూజ్ ఛార్జీ, పోర్టు పన్నులు తిరిగిస్తారు, లేదంటే ఇంకో తేదీకి మారమంటారు. మీరు విడిగా కొన్న విమానం, హోటల్, వీసా ఖర్చు వాళ్ల లెక్కలో ఉండవు. ఒకవేళ ఇచ్చినా ఒక హద్దు వరకే. ఆ హద్దు ఎంతో బుకింగ్ ఒప్పందంలో ఉంటుంది. మనిషికి 7,000 చొప్పున ఐదుగురికి మిగిలేది 35,000. చెన్నై–సింగపూర్ రానుపోను టికెట్ మనిషికి 20,000 వేసుకున్నా, ఐదుగురిది లక్ష. 35,000 మిగుల్చుకోవడానికి లక్షను పణంగా పెట్టడం ఎందుకు?

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి. మన దగ్గర అమ్మే చాలా పాలసీల్లో ట్రిప్ క్యాన్సిలేషన్ అంటే జబ్బు, ప్రమాదం, ఇంట్లో మరణం లాంటి రాసి ఉన్న కారణాలే. ఓడ కంపెనీ తన పని కోసం రద్దు చేయడం ఆ జాబితాలో ఉందో లేదో పాలసీ పత్రంలో చదివి చూసుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట నమ్మొద్దు. ముందు నుంచీ ఉన్న ఆయాసం గురించి కూడా దాచకుండా రాయండి, లేకపోతే వైద్యం క్లెయిమ్ కూడా పోతుంది.

ఏజెంటుకు నగదుగానో యూపీఐలోనో కట్టకండి. క్రెడిట్ కార్డుతో కడితే సర్వీసు ఇవ్వకుండా డబ్బు ఆపినప్పుడు బ్యాంకులో డిస్ప్యూట్ వేసే దారి ఉంటుంది. కట్టిన రోజే కంపెనీ ఇచ్చిన బుకింగ్ నంబరు తీసుకుని, కంపెనీ సైటులో మీరే తెరిచి ఐదుగురి పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా చూడండి. ఏజెంటు తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన రసీదు బుకింగ్ కాదు. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. అది ఎవరి పాన్ మీద పడిందో చూసుకుని రిటర్నులో వెనక్కి తీసుకోవచ్చు. ఆదాయం లేని అత్తగారి పాన్ మీద వేయిస్తే ఆవిడ పేరున రిటర్ను వేయాల్సి వస్తుంది.

చంద్రగిరి కోట:

నేను కొంచెం వేరుగా చెప్తాను. డాక్‌కు ముందున్న ట్రిప్పు నిశ్చింత అనుకోవద్దు.

తిరుమలలో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం రోజు కొన్ని గంటలు దర్శనం ఆపి గుడంతా శుద్ధి చేస్తారు. భక్తులు లోపల ఉండగా చేయరు. ఓడలో అలా ఉండదు. డాక్‌లో రోజుకు అయ్యే ఖర్చు చాలా ఎక్కువ కాబట్టి, నీళ్ల మీద చేయగలిగిన పనంతా ముందే మొదలుపెడతారు. చివరి రెండు మూడు వారాల ట్రిప్పుల్లో కాంట్రాక్టర్లు క్యాబిన్లలోనే ఉంటారు. కారిడార్‌లో కార్పెట్ పీకి కింద రేకు మీద టేపు అంటిస్తారు. పై డెక్ మీద సామాను కంటైనర్లు పెట్టి సగం కట్టేస్తారు. తుప్పు కొట్టే గన్ను శబ్దం పొద్దున 8 నుంచే వినబడుతుంది, ఇనుము గుండా మూడు అంతస్తుల కిందికి కూడా. ఒకటో రెండో రెస్టారెంట్లు మూసేయచ్చు. పిల్లల కొలను ఖాళీ చేసి ఉంటే మీ పాపకు నిరాశే.

అడుగున నాచు పట్టి ఉన్న ఓడ ఇంధనం ఎక్కువ తాగుతుంది, వేగం తగ్గుతుంది. ఓడను నడిపే యంత్రాల్లో లోపం ఉండి డాక్ కోసం కాచుకుని ఉంటే, దూరంగా ఉన్న పోర్టును టైం టేబుల్‌లోంచి తీసేస్తారు. అలా తీసేసిన పోర్టు రుసుము సాధారణంగా ఓడలో మీ ఖాతాకు జమ చేస్తారు, అంతకు మించి ఆశించలేం.

అయినా రెండింట్లో ఒకటే ఎంచుకోవాలంటే ముందు ట్రిప్పే మేలు. అప్పుడు బాల్కనీకి అదనంగా కట్టకండి, రంగు పని ఉంటే బాల్కనీ తలుపు మూసి ఉంచమంటారు. ఓడ మధ్య భాగంలో, పైనా కిందా క్యాబిన్లే ఉన్న అంతస్తు తీసుకోండి. కొలను డెక్‌కు నేరుగా కింద వద్దు. వెనక చివర వద్దు, అక్కడ ప్రొపెల్లర్ అదురు ఎక్కువ. డెక్ ప్లాన్ కంపెనీ సైటులో ఉంటుంది. మీ క్యాబిన్ నంబరు పైన, కింద ఏముందో అంతస్తు అంతస్తుగా వేలు పెట్టి చూడండి, పది నిమిషాల పని.

అలిపిరి రోడ్డు, తిరుపతి:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకో రెండు అడుగుతాను. డాక్ తేదీ నిజమో కాదో ఏజెంటు మాట కాకుండా మనమే ఎలా చూసుకోవాలి? ఓడ రిపేరు అయి కొత్తగా ఉన్నప్పుడు అత్తగారికి ఆయాసంతో ఇబ్బంది ఏముంటుంది?

నీవా ఒడ్డు, చిత్తూరు:

తేదీకి మూడు గుర్తులు. ఒకటి మీరే పట్టుకున్నారు, క్యాలెండర్‌లో ఖాళీ. రెండోది, ఆ ఖాళీకి ముందో వెనకో ట్రిప్పు ఒక ఊళ్లో మొదలై ఇంకో ఊళ్లో ముగిస్తే ఓడ యార్డు వైపు పోతోందని అర్థం. సింగపూర్ నుంచే నడిచే ఓడకు ఈ గుర్తు కనబడకపోవచ్చు, అక్కడి సెంబవాంగ్‌లోనే క్రూజ్ ఓడలు పట్టే యార్డు ఉంది.

మూడోది గట్టిది. ప్రతి ఓడకూ ఏడంకెల ఐఎంఓ నంబరు (ఓడను గుర్తించే అంతర్జాతీయ నంబరు) ఉంటుంది. కంపెనీ మారినా, పేరు మారినా ఆ నంబరు మారదు. ఈక్వాసిస్ అనే సైటులో ఉచితంగా ఖాతా తెరిచి ఆ నంబరు కొట్టండి. ఎప్పుడు కట్టిన ఓడ, పాత పేర్లేంటి, ఏ క్లాస్ సొసైటీ (ఓడలను తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) సర్వే చేస్తుంది, సర్టిఫికెట్ కొత్తగా ఇచ్చే రెన్యువల్ సర్వే చివరిసారి ఎప్పుడు, వచ్చేది ఎప్పుడు అన్నీ కనబడతాయి. ఆ గడువు మీ నవంబర్ ఖాళీకి దగ్గరగా ఉంటే అది సర్టిఫికెట్ కోసం చేసే డాక్, కంపెనీ దాన్ని ఇష్టమొచ్చినట్టు వాయిదా వేసే వీల్లేదు. డాక్ మొదలయ్యాక మెరైన్ ట్రాఫిక్ లాంటి సైటులో ఓడ కదిలిందా లేదా రోజూ చూడొచ్చు.

కంపెనీకి మెయిల్ పెట్టండి, ఫోన్ వద్దు. నాలుగే అడగండి: డాక్‌లోకి ఎప్పుడు, బయటికి ఎప్పుడు; మా ట్రిప్పులో ఏ రెస్టారెంట్లు, కొలనులు మూసి ఉంటాయి; మా క్యాబిన్ అంతస్తులో పని ఉందా; మీరు రద్దు చేస్తే విమానం ఖర్చు ఎంతవరకు ఇస్తారు. జవాబు దాచిపెట్టుకోండి.

ఆయాసం ఉన్నవాళ్లను డాక్ తర్వాత మొదటి పది రోజుల్లో తీసుకెళ్లొద్దని గట్టిగా చెప్తాను. కొత్త కార్పెట్ జిగురు, రంగు, వార్నిష్ వాసనలు ఏసీ గదిలో మూసుకుని ఉంటాయి. లోపలి క్యాబిన్‌కు తెరవడానికి కిటికీ ఉండదు. చెక్క కోసిన దుమ్ము ఏసీ గొట్టాల్లో మిగిలి, ఫ్యాన్ పెంచినప్పుడు బయటికి వస్తుంది. పని చేసినన్ని రోజులు నీళ్ల పైపులు సరిగా వాడరు, కొన్ని చోట్ల నీళ్లు నిలిచిపోతాయి. అలా నిలిచిన గోరువెచ్చని నీళ్లలో లీజనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. ఆ నీటి తుంపర పీలిస్తే న్యుమోనియా రావచ్చు, పెద్ద వయసువాళ్లకూ ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకూ ముప్పు ఎక్కువ. ఓడవాళ్లు క్లోరిన్ ఎక్కించి పైపులు కడుగుతారు, అయినా ఏ ఓడలోనైనా గదిలోకి వెళ్లగానే వేడినీళ్లు, చన్నీళ్లు రెండూ అయిదు నిమిషాలు వదిలి, బాత్‌రూం తలుపు మూసి బయట ఉండండి. మొదట ఎర్రగా వస్తే తుప్పు, కాసేపటికి తేరుకుంటుంది. తేరకపోతే రిసెప్షన్‌కు చెప్పి గది మార్చమనండి.

టాయిలెట్లు వాక్యూమ్ పద్ధతిలో, అంటే గాలితో లాగే గొట్టాలతో నడుస్తాయి. పని తర్వాత సిమెంటు ముక్కో గుడ్డపీలికో లైన్లో ఇరుక్కుంటే ఒక్క గది కాదు, ఆ వరస గదులన్నీ ఆగుతాయి. ఇవన్నీ రెండు మూడు ట్రిప్పుల్లో సర్దుకుంటాయి. అందుకే నాలుగు వారాల తర్వాతి ట్రిప్పే మీకు సరైనది: కొత్త పరుపులు, కొత్త కార్పెట్లు ఉంటాయి, వాసన తగ్గి ఉంటుంది.

రేణిగుంట జంక్షన్:

నాలుగు వారాల తర్వాతిది తీసుకుంటే డిసెంబర్‌లో పడుతుంది. సింగపూర్ వీసా వచ్చాక మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో ఐదింటిమీదా చూడండి. ఓడ ఎక్కితే సింగపూర్ నుంచి బయటికి వెళ్లినట్టు, దిగితే మళ్లీ ప్రవేశించినట్టు. ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్‌కు వచ్చేముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) కూడా రెండుసార్లు నింపాలి, విమానంలో దిగేటప్పుడు ఒకసారి, ఓడ దిగేటప్పుడు ఒకసారి. రాకకు మూడు రోజుల్లోపు నింపితే చాలు, ఉచితం, డబ్బులు అడిగే సైట్లు నకిలీవి. దారిలో ఆగే దేశాల వీసా నియమాలు వేరుగా చూసుకోవాలి. పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి ఆరు నెలల పైన గడువు ఉండాలి. పెద్దవాళ్లది తక్కువుంటే తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఇప్పుడే స్లాట్ పెట్టండి.

ఓడ బయల్దేరే రోజు పొద్దున సింగపూర్‌లో దిగే విమానం వద్దు, ముందు రోజే చేరండి. డిసెంబర్‌లో కూడా మనవైపు తుపానుల కాలమే. పుత్తూరు, నగరి, తిరువళ్లూరు మీదుగా చెన్నై ఎయిర్‌పోర్టుకు మామూలు రోజుల్లో నాలుగు గంటలు, వానలో ఆరు వేసుకోండి. ఇన్‌హేలర్లు, మందులు, డాక్టరు చీటీ చేతి సంచిలోనే ఉంచండి. పెద్ద పెట్టెలు ఓడ దగ్గర తీసుకున్నాక గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది.

అలిపిరి రోడ్డు, తిరుపతి:

ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. డిసెంబర్ ట్రిప్పే తీసుకుంటున్నాం, ఓడ మధ్యన, క్యాబిన్ల మధ్య ఉన్న అంతస్తు. కంపెనీకి మెయిల్ ఈ రాత్రే పెడతాను. విమాన టికెట్లు ఓడ డాక్‌లోంచి బయటికి వచ్చిందని తెలిశాక కొనచ్చా, ముందే కొనాలా?

గాంధీ రోడ్డు, తిరుపతి:

డిసెంబర్‌లో స్కూలు సెలవులు దగ్గరపడేకొద్దీ రేటు పెరుగుతుంది. ఇప్పుడే కొనండి, కానీ తేదీ మార్చుకునే వీలున్న ఛార్జీలో కొనండి. మనిషికి కొంచెం ఎక్కువైనా పరవాలేదు. డాక్‌కూ మీ ట్రిప్పుకూ మధ్య నాలుగు వారాలున్నాయి, అంత ఆలస్యమైతే కంపెనీ ముందే చెప్పాల్సి వస్తుంది, మీకు తేదీ మార్చుకునే సమయం ఉంటుంది.