బ్యాంకు సైటు ఏ బ్రౌజర్‌లోనూ రావట్లేదు, ఏది పెట్టుకోవాలి?

మిర్చికొట్టు, గుంటూరు: పొద్దున తొమ్మిదింటి నుంచి దీంతోనే కుస్తీ. బ్యాంకు సైటు కొడితే క్రోమ్‌లో కనెక్షన్ ప్రైవేట్ కాదంటోంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే గోల. హిస్టరీ చెరిపా, రెండూ తీసేసి మళ్లీ ఎక్కించా. అదే వైఫై మీద ఫోన్లో మాత్రం వస్తోంది. అవతల రైతులు డబ్బుల కోసం కూర్చున్నారు. సెక్యూరిటీకీ రోజువారీ పనికీ ఏ బ్రౌజర్ మంచిదో త్వరగా చెప్పండి.

నక్కతోక, బెజవాడ: ముందు క్రోమ్ మానేయండి. ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా అన్నీ లోపల క్రోమియమే (క్రోమ్‌కీ అదే పునాది), చొక్కాలే వేరు. ఫైర్‌ఫాక్స్‌ది సొంత ఇంజిన్. ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్‌ని క్రోమ్ సాగనంపింది, ఇందులో నిక్షేపంలా ఉంది.

మిర్చికొట్టు: ఫైర్‌ఫాక్స్‌లోనూ రాలేదని రాశాను కదండీ!

బ్రాడీపేట సర్వీస్: ఏ విండోస్?

తెలుగు మాస్టారు: బ్రౌజర్ ఎందుకండీ, ‘విహారిణి’ అని చక్కటి మాటుంది. తెలుగు వికీపీడియాలో వాడతారు.

నక్కతోక: రాత్రంతా విహారిణితో ఉన్నానంటే మా ఆవిడ ఊరుకోదు మాస్టారూ.

మిర్చికొట్టు: విండోస్ 7. దానికేం, బాగానే ఉంది.

బ్రాడీపేట సర్వీస్: బాగాలేదు. మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే వదిలేసింది. దాని మీద క్రోమ్ 109తో ఆగింది, ఫైర్‌ఫాక్స్ 115 దాటదు. సరే, కింద మూల డేటు ఎంతుంది?

మిర్చికొట్టు: 2010 జనవరి 1. రాత్రి కరెంటు పోయిందిలెండి. దానికీ బ్యాంకుకీ ఏంటి సంబంధం?

బ్రాడీపేట సర్వీస్: అదే సంబంధం. సైటు చూపించే గుర్తింపు కార్డు లాంటి సర్టిఫికెట్‌కి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. మీ సిస్టం లెక్కలో అదింకా పుట్టనే లేదు. ఏ బ్రౌజరైనా ఆపుతుంది, ఆపాలి కూడా. ‘అయినా వెళ్తా’ అని నొక్కకండి. డేటు సరిచేసి, బ్రౌజర్ మూసి తెరవండి. కరెంటు పోయినా డేటు గుర్తుంచుకునేది మదర్‌బోర్డు మీది బిళ్ల సెల్లు, అది అయిపోయినట్టుంది. సీఆర్ 2032 అని అడిగితే ఇస్తారు.

తెలుగు మాస్టారు: తాళం గుర్తు కనిపిస్తే ఇక భద్రమేగా?

బ్రాడీపేట సర్వీస్: దారి వరకే. అవతల కూర్చున్నది బ్యాంకో దొంగో తాళం చెప్పదు. జనం ఇలాగే అనుకుంటున్నారని క్రోమ్ 2023లో ఆ బొమ్మే మార్చింది.

నక్కతోక: విండోస్ 7 మీద బ్యాంకు పనా? విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్కించండి సార్, ఫ్రీ.

మిర్చికొట్టు: డేటు మార్చా, వచ్చింది. డబ్బులు వేసేశా. సెల్లు రేపు చూస్తా. థ్యాంక్స్.

నక్కతోక: ఇంతకీ ఏ బ్రౌజర్లో వేశారు?