1.8 అంగుళాల టీఎఫ్‌టీ తెర ఆర్డుయినోలో బాగానే ఉంది, లినక్స్‌లో తెల్లగా ఉండిపోతోంది

ప్రశ్న (గుంటూరు)

అందరికీ నమస్కారం. మిర్చి యార్డులో మా బాబాయికి కమీషన్ కొట్టు ఉంది. కాటా అంకెలు గుమాస్తా వైపు తిరిగి ఉంటాయి, రైతు మెడ చాచి చూడాల్సి వస్తోంది. లాట్ నంబరు, టిక్కీ (మిర్చి బస్తా) బరువు రైతుకి ఎదురుగా కనబడేలా చిన్న తెర పెడదామని మొదలుపెట్టాను.

రాస్ప్‌బెరీ పై జీరో 2 వాడుతున్నాను. తెర 128×160, చిప్ ఎస్‌టీ7735, కనెక్షన్ ఎస్‌పీఐ (కొద్ది వైర్లతో డేటా పంపే పద్ధతి). అమ్మినవాళ్లు ఆర్డుయినో కోడ్ ఒక్కటే ఇచ్చారు, అందులో బొమ్మ శుభ్రంగా వస్తోంది. రాస్ప్‌బెరీ పై మీద (లినక్స్‌లో) మాత్రం బ్యాక్‌లైట్ వెలిగి తెర తెల్లగా ఉండిపోతోంది. డివైస్ ట్రీ ఓవర్‌లే (ఏ పిన్నుకి ఏం తగిలించామో లినక్స్‌కి చెప్పే ఫైలు) ఒక పాత పోస్టులోంచి తీసుకున్నాను. దాంట్లో ఎఫ్‌బీటీఎఫ్‌టీ అనే పాత తరహా డ్రైవర్ పేరు తీసేసి, కొత్త ఎంఐపీఐ డీబీఐ ప్యానెల్ డ్రైవర్ పేరు పెట్టి, అది అడిగే కొలతలు చేర్చాను. రీసెట్, డీసీ (వచ్చేది కమాండా, డేటానా అని చెప్పే వైరు) లైన్లు పాతవే. కర్నెల్ లాగ్‌లో ఎర్రర్ ఏమీ లేదు, ఫ్రేమ్‌బఫర్ (తెర మీది బొమ్మ ఉండే మెమరీ) కూడా తయారైంది. మూడు రోజులుగా ఇదే టెన్షన్. డ్రైవర్ సొంతంగా రాసుకోక తప్పదా?

జవాబు (గుంటూరు, కాటాలు రిపేరు చేస్తాను)

వైర్లు ఎంత పొడవున్నాయి బాబూ? జానెడు దాటిన జంపర్ వైర్లతో ఎస్‌పీఐ వేగం 32 మెగాహెర్ట్జ్ పెడితే చెత్త చుక్కలొస్తాయి. ముందు 10కి దించి చూడు. రాస్ప్‌బెరీ పై పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సిగ్నల్ మాత్రం వాటికి తగలనివ్వకు.

ప్రశ్న అడిగినవారు

వైరు బెత్తెడే అండీ. 10కి దించినా తెలుపే.

జవాబు (విజయవాడ)

డ్రైవర్ రాయక్కర్లేదు. నా అనుమానం రీసెట్ లైను మీద. బ్యాక్‌లైట్ వెలిగి తెర తెల్లగా ఉందంటే చాలావరకు చిప్ ఇంకా లేవలేదని అర్థం. వైర్లలో చెడుంటే పెద్దాయన చెప్పినట్టు చుక్కలో, గీతలో కనబడతాయి.

మీరు తీసుకున్న పాత లైన్లో రీసెట్ పిన్ను "యాక్టివ్ లో" (1 రాస్తే పిన్ను మీద సున్నా వోల్టులు) అని ఉండుంటుంది. ఇటీవలి ఎఫ్‌బీటీఎఫ్‌టీకి అది సరిపోతుంది. ఎంఐపీఐ డీబీఐ కోడ్ లెక్క వేరు: రీసెట్ చేయడానికి 0 రాస్తుంది, 20 మైక్రోసెకన్లు ఆగుతుంది, వదలడానికి 1 రాసి 120 మిల్లీసెకన్లు ఆగుతుంది. యాక్టివ్ లో అని చెబితే ఆ 1 పిన్ను దగ్గర సున్నా వోల్టులవుతుంది, చిప్ రీసెట్‌లోనే పడి ఉంటుంది. మల్టీమీటర్ నల్ల ప్రోబు గ్రౌండ్ మీద, ఎర్రది తెర రీసెట్ పిన్ను మీద పెట్టండి. డ్రైవర్ లోడయ్యాక 3.3 చూపించాలి. సున్నా చూపిస్తే ఓవర్‌లేలో యాక్టివ్ హై అని మార్చండి.

ఎర్రర్ రాకపోవడానికీ కారణం ఉంది. తెర నుంచి రాస్ప్‌బెరీ పైకి తిరిగొచ్చే వైరు ఈ మాడ్యూళ్లలో సాధారణంగా ఉండదు కాబట్టి రైట్ ఓన్లీ అని పెట్టుకుంటాం. అప్పుడు డ్రైవర్ తెరని ఏమీ అడగదు, పంపుకుంటూ పోతుంది. అవతల వినేవాళ్లు ఉన్నారో లేరో దానికి తెలియదు.

ప్రశ్న అడిగినవారు

మీటర్ సున్నానే చూపించింది అన్నా! మార్చగానే బొమ్మ వచ్చింది. చాలా థ్యాంక్స్. కానీ రెండు తేడాలున్నాయి. ఎరుపు రాస్తే నీలం వస్తోంది. కుడి అంచున, కింద అంచున సన్నగా రంగురంగుల చుక్కల చార కదలకుండా ఉంటోంది. ఆర్డుయినోలో ఈ రెండూ లేవు.

జవాబు (విజయవాడ)

ముందు రంగులు. తెర మొత్తం ఆకుపచ్చతో నింపి చూడండి. ఎరుపు, నీలం కంటే ఆకుపచ్చే అసలు సంగతి చెబుతుంది. అది ఆకుపచ్చగానే ఉండి ఎరుపు, నీలం తారుమారైతే ఆర్‌జీబీ, బీజీఆర్ వరుస తేడా. ఆకుపచ్చ కాస్తా ఎరుపు గులాబీ ఛాయకి తిరిగితే బైట్లు అటూ ఇటూ అయ్యాయి. లెక్క కట్టి చూడండి: 16 బిట్ల రంగులో ఆకుపచ్చ 07ఈ0. రెండు బైట్లూ తిరగేస్తే ఈ007, అంటే ఎరుపు 31కి 28, ఆకుపచ్చ సున్నా, నీలం 7. మీరు వాడే డ్రైవర్‌లో బైట్ల గొడవ రాదు. ఎస్‌పీఐ కంట్రోలర్‌కి 16 బిట్ల పదాలు పంపడం రాకపోతే అదే తిప్పి పంపుతుంది. సొంతంగా పిక్సెళ్లు పంపేవాళ్లకే ఆ తిప్పలు.

ఇనిట్ ఫైలులో (మొదట్లో తెరకి పంపే కమాండ్ల జాబితా) హెక్స్ 36 కమాండ్ చూడండి. దాని విలువలో 08 బిట్ బీజీఆర్. సీ0 ఉంటే సీ8 చేయండి, సీ8 ఉంటే సీ0. టెక్స్ట్ ఫైలు మార్చాక మళ్లీ బిన్‌గా మార్చి ఫర్మ్‌వేర్ ఫోల్డర్లో పెట్టడం మర్చిపోకండి.

ఇక చార. చిప్ లోపలి మెమరీ 132×162, మీ అద్దం 128×160. తయారుచేసినవాళ్లు అద్దాన్ని మెమరీకి నడిమధ్యన అతికించారు. మీరు సున్నా నుంచి రాస్తుంటే ఎడమ రెండు నిలువు వరుసలు, పైన ఒక అడ్డు వరుస అద్దం బయటికి పోతున్నాయి. కుడి వైపు రెండు, కింద ఒకటి మీరు అసలు రాయని చోటు. కరెంటు ఇచ్చినప్పుడు మెమరీలో ఏముందో అదే కనబడుతోంది. ఎక్స్ ఆఫ్‌సెట్ 2, వై ఆఫ్‌సెట్ 1 ఇవ్వండి. సొంత ఓవర్‌లే కాబట్టి ఆ పేర్లతో వెతికితే దొరకవు. ప్యానెల్ టైమింగ్‌లో హెచ్ బ్యాక్ పోర్చ్, వీ బ్యాక్ పోర్చ్ అన్నవే ఇక్కడ ఆఫ్‌సెట్లు. తెరని అడ్డంగా తిప్పితే ఈ రెండూ తారుమారు చేయాలి.

ప్రశ్న (విజయవాడ, బీటెక్ ఫైనలియర్)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి సార్. మా ప్రాజెక్టుకి ఇలాంటి తెరకే డ్రైవర్ సీలో మేమే రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (విజయవాడ)

కర్నెల్ సోర్స్‌లో డీఆర్ఎం (తెరలు నడిపే విభాగం) కింద చూడు, పాత కర్నెళ్లలో టైనీ అనే ఫోల్డర్, కొత్తవాటిలో సిట్రోనిక్స్ అనే ఫోల్డర్. అందులో ఎస్‌టీ7735ఆర్ ఫైలు మొదటి నుంచి చివరిదాకా చదువు తమ్ముడూ. ఒక పూట పని. ఈ టైనీ పద్ధతిని నోరాల్ఫ్ ట్రోన్నెస్ రాశారు, 2017లో 4.12 కర్నెల్‌తో వచ్చింది. ఇనిట్ కమాండ్లని బయటి ఫైలులోంచి చదివే, పైన వాడుతున్న ఎంఐపీఐ డీబీఐ జనరల్ డ్రైవర్ కూడా ఆయనదే, 2022లో 5.18తో వచ్చింది. ఎఫ్‌బీటీఎఫ్‌టీ చూసి నేర్చుకోవద్దు.

ఆ ఫైలులో నాకు బాగా నచ్చేది పైనున్న చిన్న టేబుల్. ఒకే చిప్, రెండు తెరలు. 128×160 జియాండా తెరకి ఆఫ్‌సెట్ లేదు. 128×128 ఒకాయా తెరకి ఎడమ 2, పైన 3, రంగుల వరుస కూడా వేరు. చిప్‌ని నడిపే కోడ్ ఒకటే, తెరకి తెరకి మారేవి మాత్రం టేబుల్లోకి పోయాయి. మీ డిజైన్ కూడా ఇలాగే మొదలుపెట్టండి. రేపు మార్కెట్లో ఆ తెర దొరక్కపోతే టేబుల్లో నాలుగు విలువలు చేరిస్తే సరిపోతుంది.

రెండు జాగ్రత్తలు. ఎస్‌పీఐకి ఇచ్చే బఫర్ని ఫంక్షన్ లోపల లోకల్ అర్రేగా పెట్టొద్దు. చిన్న కమాండ్లకి పనిచేసినట్టే ఉంటుంది. డీఎంఏ (ప్రాసెసర్ చేయి పెట్టకుండా డేటా పంపే పద్ధతి) రంగంలోకి దిగాక అప్పుడప్పుడు తప్పు బైట్లు పోతాయి, ఎక్కడ తప్పిందో పట్టుకోవడానికి వారాలు పడుతుంది. కేమాలాక్‌తో (కర్నెల్లో మెమరీ ఇచ్చే ఫంక్షన్) తీసుకోండి. రెండోది, స్లీప్ అవుట్ అంటే హెక్స్ 11 పంపాక 120 మిల్లీసెకన్లు ఆగండి. మొదటి ఫ్రేమ్ పంపాకే బ్యాక్‌లైట్ వేయండి. ముందే వేస్తే ఆన్ చేసిన ప్రతిసారీ ఆ చుక్కల తెర ఒక్క క్షణం మెరుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

రంగులు కుదిరాయి, చార పోయింది. చివరి సందేహం. బరువు మారినప్పుడల్లా తెర మినుకుమంటోంది. వేగం 15 మెగాహెర్ట్జ్ పెట్టాను, పెంచాలా?

జవాబు (విజయవాడ)

పెంచకండి, చిప్ డేటాషీట్ లెక్కకి 15 దగ్గరే హద్దు. మొత్తం తెర 40,960 బైట్లు, 15 మెగాహెర్ట్జ్ మీద సుమారు 22 మిల్లీసెకన్లు. బరువు చూపించడానికి అది ధారాళం. మీ ప్రోగ్రామ్ ముందు తెరంతా నల్లగా చెరిపి, తర్వాత అంకెలు రాస్తోందా? ఆ నలుపే మినుకు. అంకెల డబ్బాని మెమరీలో పూర్తిగా గీసుకుని ఒకేసారి ఫ్రేమ్‌బఫర్‌లోకి వేయండి. డ్రైవర్ మారిన భాగం చూసుకుని అంతవరకే పంపుతుంది. 96×48 డబ్బా అయితే 9,216 బైట్లు, 5 మిల్లీసెకన్లలో అయిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అలాగే మార్చాను, మినుకు లేదు. నిన్న పొద్దున కాటా దగ్గర పెట్టాం. బాబాయి రెండో కాటాకి కూడా చేయమన్నారు. దానికి నా దగ్గర చదరంగా ఉన్న 128×128 తెర ఉంది, చిప్ ఇదే. ఇదే ఫైలు వాడొచ్చా?

జవాబు (విజయవాడ)

కాపీ తీసి వేరే పేరుతో పెట్టుకోండి. కొలతలు 128×128 చేసి, ఆఫ్‌సెట్లు ముందు 2, 3 ఇచ్చి చూడండి. తెర చుట్టూ ఒక పిక్సెల్ మందాన తెల్లగీత గీయండి. నాలుగు వైపులా గీత కనబడితే కుదిరినట్టే. ఏదైనా వైపు మాయమైతే అటు ఎన్ని వరుసలు పోయాయో లెక్కపెట్టి అంతే మార్చండి. ఆకుపచ్చ పరీక్ష దీనికి కూడా మళ్లీ చేయండి.