చిన్న వార్డు పోయింది, కౌన్సిలర్ పోయింది. మనకు పోయిందేమైనా ఉందా?

ఊరిబావి (డిసెంబర్ 2025)

మన మున్సిపాలిటీ ఇక లేదు. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 27 పురపాలికలను గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ)లో కలిపేశారు. 150 వార్డులను 300 చేస్తూ ముసాయిదా కూడా వచ్చింది. కౌన్సిలర్ల పదవీకాలమైతే 2025 జనవరిలోనే ముగిసింది, అప్పటినుంచి స్పెషల్ ఆఫీసర్ పాలనే. మొన్న టీ కొట్టు దగ్గర ఒకాయన "ఎవరూ లేకపోయినా చెత్తబండి వస్తూనే ఉంది కదా, కౌన్సిలర్ ఎందుకసలు?" అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు.

ముందే చెప్పేస్తున్నా. 2020 జనవరిలో మన వార్డులో గెలిచింది మా వదిన. ఐదేళ్లూ ఆమెను బండి మీద తిప్పింది నేనే. 2023 జులై చివరివారంలో ఆ పెద్ద వానలు పడ్డప్పటి సంగతులు నా డైరీలో ఉన్నాయి.

సోమవారం పొద్దున 5:45కి వదిన పారిశుద్ధ్య కార్మికుల హాజరు పాయింట్ దగ్గర. ఆరుగురు కార్మికుల్లో నలుగురే వచ్చారు. వాళ్ల పని చూసే జవాన్‌తో మాట్లాడి పక్క వార్డు నుంచి ఒకరిని తెచ్చుకుంది. తర్వాత మొక్కల లెక్క. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే కౌన్సిలర్ పదవికే ఎసరు. అందుకని ఒక్కో కానుగ మొక్క దగ్గర వంగి, చిగురుందా లేదా అని గోరుతో గీరి చూసేది.

మంగళవారం బిల్ కలెక్టర్ దగ్గర రెండు గంటలు. ఒక ముసలాయన రేకుల ఇంటికి డాబా అని పన్ను వేశారు, అది మార్పించడానికి. బుధవారం కౌన్సిల్ మీటింగ్. నాలుగో వీధి దగ్గర కల్వర్టు కావాలని మళ్లీ అడిగింది, మళ్లీ వాయిదా.

గురువారం, 27వ తేదీ. తెల్లవారుజాము నుంచి వాన. బడులకు సెలవు. సాయంత్రానికి చెరువు అలుగు పారి నాలుగో వీధిలో నీళ్లు నిలిచాయి. రాత్రి 11 దాటాక జేసీబీ తెప్పించి, అపార్ట్‌మెంట్ గేటు ముందు రోడ్డుకు అడ్డంగా కోత పెట్టించి, నీళ్లు నాలాలోకి వదిలించింది. పూర్తయ్యేసరికి రెండున్నర. శుక్రవారం బ్లీచింగ్, దోమల పొగ, తడిసిన బియ్యం ఎవరెవరివో జాబితా. శనివారం పీర్ల ఊరేగింపు దారిలో లైట్లు. ఆదివారం ఒక చావు, ఒక ఓణీల ఫంక్షన్.

ఈ పనులు ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? అదే నా ప్రశ్న.

కొత్తకాపురం

మున్సిపల్ యాప్‌లో ఫిర్యాదు పెడితే మా వీధిలో లైటు రెండు రోజుల్లో వెలిగింది. ఎవరింటికీ వెళ్లి నిలబడక్కర్లేదు. నాకైతే ఇదే హాయి.

సి బ్లాక్ 402

ఊరిబావి గారూ, మిగతా ఆరు రోజుల సంగతి నాకొద్దు. గురువారం గురించే అడుగుతా. ఆ రోడ్డు కోయించింది ఎవరి అనుమతితో? కమిషనర్ రాతపూర్వకంగా ఇచ్చారా? కొలత తీశారా, కొలతల పుస్తకం (ఎం.బి.)లో రాశారా? ఆ అపార్ట్‌మెంట్ మాది. ఆ కోతను తర్వాత మట్టితో పూడ్చారు. ఆ సెప్టెంబర్‌లో మా అమ్మ కంటి ఆస్పత్రికి వెళ్తుంటే ఆటో చక్రం అందులో దిగబడింది. ఆమె కింద పడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఇప్పటికీ ఆ చేత్తో చెంబెత్తలేదు. మీ డైరీలో ఆ వారం ఉందా?

రేగుచెట్టు

నాలుగో వీధిలో ఆఖరి ఇల్లు మాది. ఆ రాత్రి మా ఇంట్లో మోకాళ్ల దాకా నీళ్లు. ఖాళీ సిలిండర్ తేలుతూ వచ్చి తలుపుకు కొట్టుకుంటుంటే ఎవరో తలుపు తడుతున్నారనుకున్నా. మంచం కోళ్ల కింద నాలుగేసి ఇటుకలు పెట్టి మా అత్తమ్మను పైన కూర్చోబెట్టాం. బాబును ఎత్తుకుని నేను స్టూల్ మీద నిలబడ్డా. 11 గంటలకు ఫోన్ చేస్తే ఆమే ఎత్తింది. "భయపడకు, వస్తున్నా" అంది. అరగంటలో కుచ్చిళ్లు ఎగ్గట్టి, చేతిలో టార్చితో నీళ్లలో నడుచుకుంటూ వచ్చింది. కొలత తీశాక రమ్మని నేను అడగలేదు సార్.

సి బ్లాక్ 402

అమ్మా, మీ కష్టం నేను కాదనడం లేదు. అనుమతి ఉందా లేదా అనే అడిగా. దానికి ఎవరూ జవాబు చెప్పడం లేదు.

ఊరిబావి

చెప్తా. ఆ రాత్రి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్)కి ఫోన్ చేస్తే "తెల్లారాక చూద్దాం" అన్నాడు. కమిషనర్ ఫోన్‌లో సరేనన్నారు. కాగితం లేదు. జేసీబీ డబ్బులు వదిన చేతి నుంచే పెట్టింది, ఆగస్టు మీటింగ్‌లో ఆమోదం తీసుకుంది. పైపు వేసి కాంక్రీటు పోయడానికి ఎస్టిమేట్ వేయించింది. టెండర్ పిలిస్తే పాత బిల్లులు రాలేదని ఏ కాంట్రాక్టరూ రాలేదు. అందుకే మట్టి. మూడుసార్లు ఎజెండాలో పెట్టింది, కాపీలు నా దగ్గరున్నాయి.

నిశి

ఒక మాట అడగొచ్చా? రాత్రి ఫోన్ ఆమే ఎత్తిందని గొప్పగా చెప్తున్నారు. ఆమె కౌన్సిలర్, ఆమే ఎత్తాలి. మన చట్టంలో సగం సీట్లు ఆడవాళ్లవి. కానీ గెలిచాక ఫ్లెక్సీ మీద భర్త ఫొటో, ఫోన్‌లో భర్త గొంతు. 2020లో కరెంటు స్తంభం గురించి నేను నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ ఒకాయనే మాట్లాడారు. "మేడమ్‌తో మాట్లాడాలి" అంటే "నాతో చెప్పినా ఒకటే" అన్నారు. ఒకటే ఎలా అవుతుంది?

మాస్టారు

అందరూ ఒక్క మనిషి చుట్టూనే తిరుగుతున్నారు. చట్టం ఒక్క కౌన్సిలర్‌నే ఇవ్వలేదు. ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు వేయమంది: యువకులకు, మహిళలకు, పెద్దవాళ్లకు, వార్డులోని ప్రముఖులకు ఒక్కొక్కటి. ఒక్కో దానిలో 15 మంది, మొత్తం 60 మంది. పెద్దవాళ్ల కమిటీలో నా పేరుంది. జాబితా నోటీసు బోర్డు మీద చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. 34 ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కదా, రోడ్ల ఎస్టిమేట్లు చూసిపెడదామని కొత్త నోటుబుక్కు కూడా కొనుక్కున్నాను. ఐదేళ్లలో ఒక్క సమావేశానికీ పిలుపు రాలేదు. ఊరిబావి బాబూ, మీ వదిన కష్టపడిందని ఒప్పుకుంటా. కానీ ఆ కల్వర్టు కోసం 60 మందిమి వెళ్లి కూర్చుంటే బుధవారం వాయిదా పడేదా?

వార్డు పెద్దదైతే ఏం పోయిందనుకునేవాళ్లకూ ఒక లెక్క. 2020 డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీకి ఓటింగ్ జరిగినప్పుడు 74 లక్షల ఓటర్లకు 150 డివిజన్లు (అక్కడ వార్డును అలా అంటారు). సగటున డివిజన్‌కు 50 వేల ఓట్లు. పోలైంది 46 శాతం చిల్లర. మన వార్డులో ఓట్లు రెండు వేలు కూడా లేవు. ఇప్పుడు 300 చేసినా, కొత్తగా కలిసిన జనం కూడా ఉన్నారు కాబట్టి మన నాలుగో వీధి ఎక్కడుందో కార్పొరేటర్‌కు ఎవరో చెప్పాల్సిందే.

కొత్తకాపురం

యాప్‌కు చెప్పక్కర్లేదు మాస్టారూ, లొకేషన్ అదే తీసుకుంటుంది.

రేగుచెట్టు

ఆ రాత్రి కరెంటు లేదు, నెట్ లేదు. నీ యాప్ ఏం తీసుకుంటుంది తమ్ముడూ?

సి బ్లాక్ 402

మళ్లీ పక్కకు పోతున్నారు. కోత వల్ల దెబ్బ తగిలింది మా అమ్మకు. ఆగస్టులో ఆమోదించారంటే జులైలో అనుమతి లేనట్టే కదా. తప్పని ఒక్కరైనా ఒప్పుకోరేం?

రేగుచెట్టు

తప్పు గురించి మాట్లాడదామా సార్? నీళ్లు మా ఇళ్లలోకి ఎందుకొచ్చాయి? అలుగు నుంచి నాలాకు పోయే కాలువ మీ అపార్ట్‌మెంట్ వెనకాల ఉండేది. మా మామయ్య అందులో బర్రెలు కడిగేవాడు. మీ ప్రహరీ వచ్చాక కాలువ సగమైంది. మీ సెల్లార్‌లోకి చుక్క రాదు, మా వంటింట్లోకి చెరువొస్తుంది. రోడ్డు కోసినందుకు ఇంత కోపమొచ్చిందే, కాలువ కట్టేసిన రోజు మీరెక్కడున్నారు?

మాస్టారు

పది మీటర్ల వెడల్పు కూడా లేని కాలువకైనా రెండువైపులా రెండేసి మీటర్లు వదలాలని 2012 నాటి జీవోలోనే ఉంది. నేను అక్కడ అడుగులేసి చూశాను. ఒక్క అడుగు కూడా లేదు.

సి బ్లాక్ 402

ఆక్రమణలు కూల్చే హైడ్రాను పిలుస్తామని బెదిరిస్తున్నారా? ఆ గోడ కట్టింది బిల్డర్. మేం 2018లో మున్సిపాలిటీ ఇచ్చిన నివాసయోగ్యతా పత్రం (ఓసీ) చూసి, బ్యాంకు లోన్ ఇచ్చాక కొన్నాం. నెలకు 41 వేలు ఈఎంఐ, ఇంకా 13 ఏళ్లుంది. దొంగతనం చేసినట్టు మాట్లాడకండి.

ఊరిబావి

ఎవరూ బెదిరించడం లేదు సార్. ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. మీ ఓటెక్కడుంది? మీ 180 ఫ్లాట్లలో ఇక్కడ ఓటున్నవి ఎన్ని? వదిన 2020లో గెలిచాక మీ అందరినీ కలుద్దామని వచ్చింది. మీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆపి, ఫ్లాట్ నంబరు చెప్పండి, యాప్‌లో అప్రూవల్ రావాలి అన్నాడు. 20 నిమిషాలు ఎండలో నిలబెట్టాడు. మీ సెక్రటరీ "సండే మీటింగ్‌కు రమ్మను" అని కబురు పెట్టాడు. ఆమె మళ్లీ రాలేదు. నేనే వద్దన్నా.

సి బ్లాక్ 402

నా ఓటు సూర్యాపేటలో ఉంది. పన్ను ఇక్కడ కడుతున్నా. ఓటు లేనివాడు రోడ్డు మీద నడవకూడదా?

నేనూ ఒకటి చెప్తా, మీరే అడిగారు కాబట్టి. ఆదివారం చావుకు వెళ్లిందని రాశారు. 2021 మేలో మా నాన్న కోవిడ్‌తో ఇంట్లోనే పోయారు. ఆస్పత్రిలో బెడ్ దొరకలేదు. శవాన్ని తీసుకెళ్లే బండి కోసం పొద్దున ఏడు నుంచి పది దాకా నేను చేయని ఫోన్ లేదు. మీ వదిన నంబరుకు రెండుసార్లు చేశా. రెండుసార్లూ మగ గొంతే. రెండోసారి "మీకు అసోసియేషన్ ఉంది కదా, వాళ్లను అడగండి" అని పెట్టేశారు. చివరికి పాలబండి అబ్బాయి తన ఆటో ఇచ్చాడు. పాల క్రేట్లు దించేసి అందులో తీసుకెళ్లాం. నా అంతట నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట ఇది.

మీ వీధి వాళ్లు ఫోన్ చేస్తే అర్ధరాత్రి నీళ్లలో నడిచి వస్తుంది. మేం చేస్తే అసోసియేషన్. ఆమె ఎవరి కౌన్సిలర్? ఆ ప్రశ్నకు జవాబు తెలిశాక మీ పెద్ద వార్డు, చిన్న వార్డు గురించి మాట్లాడతా.

నిశి

సార్, ఇది చదివాక చేతులాడటం లేదు. నేను అడిగిందీ ఆ గొంతు గురించే.

రేగుచెట్టు

ఆ మేలో మా వీధిలోనూ ముగ్గురు పోయారు. మా ఇంటికీ ఎవరూ రాలేదు సార్, రానివ్వలేదు. కానీ ఆమె ఫోన్ చేసింది. మీకు చేయకపోవడం తప్పే. కాలువ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఊరిబావి

రాత్రంతా ఏం రాయాలో తోచలేదు.

ఆ గొంతు మా అన్నది. మొదటి రెండేళ్లు ఫోన్ ఆయన దగ్గరే ఉండేది. ఓటున్న ఇళ్లేవో, లేనివేవో ఆయనకు నోటికి వచ్చు. ఆ రోజు ఫోన్ వచ్చిందని వదినకు తెలియదు. నిన్న ఇది చదివి వినిపిస్తే లేచి లోపలికి వెళ్లిపోయింది. ఫోన్ తన చేతికి తీసుకుంది 2022లో. ఎందుకు గొడవపడి తీసుకుందో ఇంట్లో అందరికీ తెలుసు, ఇక్కడ రాయలేను. మా తరఫున క్షమించండి. ఇప్పుడు చెప్తే ఏం లాభమని మీరంటే దానికి నా దగ్గర మాట లేదు.

కానీ నా ప్రశ్న నాకు అలాగే ఉంది సార్. మీరు ఆ పొద్దున ఫోన్ చేయడానికి ఒక నంబరైనా ఉంది, అది మిమ్మల్ని మోసం చేసింది. ఇప్పుడు ఆ నంబరు కూడా లేదు.

సి బ్లాక్ 402

మోసం చేసే నంబరు ఉండటం కన్నా లేకపోవడమే మేలు. యాప్ నా ఓటెక్కడని అడగదు.

మాస్టారు

అడగదు బాబూ. ఆ కోత మీద మీరు యాప్‌లో ఫిర్యాదు పెట్టారా?

సి బ్లాక్ 402

పెట్టాను. మార్చిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. రెండుసార్లూ "పరిష్కరించబడింది" అని వచ్చింది. మొన్న వెళ్లి చూశా, అదే మట్టి, అదే గుంత.

మాస్టారు

సోమవారం నేను కొత్త ఆఫీసుకు వెళ్తున్నాను. కోత పూడ్చి పైపు వేయాలని, దాంతోపాటే కాలువ సర్వే చేయాలని అర్జీ రాశాను. రేగుచెట్టమ్మా, మీ వీధి సంతకాలు కావాలి. ఊరిబావి బాబూ, ఆ ఎజెండా కాపీలు జిరాక్స్ తీసి ఇవ్వు. సి బ్లాక్ సార్, మీరూ పెడతారా?

రేగుచెట్టు

రేపు సాయంత్రానికి ముప్పై సంతకాలు తెస్తా.

సి బ్లాక్ 402

కాలువ సర్వే అంటే మా గోడ. ముందు అర్జీలో ఏం రాశారో ఫొటో తీసి పెట్టండి, చదివి చెప్తా.