సమస్య: సృష్టికర్త తానె సృష్టి యయ్యె

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదమిది. ఈసారి బ్రహ్మ, విష్ణువుల జోలికి పోకుండా మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' (1818) వస్తువుగా పూరించండి. శవాల ముక్కలు కూర్చి ప్రాణం పోసిన విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్‌కూ, ఆ ప్రాణికీ ఉన్న పోలిక కనబడాలి.

మొదటి పూరణ:

పేరు పెట్టలేదు పెంచగా నొల్లక
విడిచి పాఱె తండ్రి భీతి తోడ
జనుల నోట తండ్రి సంజ్ఞయే దానిదై
సృష్టికర్త తానె సృష్టి యయ్యె

నిర్వాహకుడు: ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ వికృతాకారమే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో! మంచి ఊహ. కానీ మాస్టారూ, పేరు మారింది లోకుల పొరపాటువల్ల. పాదంలో 'తానె' ఉంది కదా, మార్పు విక్టర్‌లోనే జరగాలి.

రెండో పూరణ:

మంచు నేలపైన మార్గమ్ము చూపించి
తిండి పెట్టి కొడుకు తిప్పె వెంట
నడుపువాడు నేడు నడచువాడై పోయె
సృష్టికర్త తానె సృష్టి యయ్యె

నిర్వాహకుడు: ఉత్తరాదిన తనను తరుముతున్న విక్టర్ కోసం ఆ ప్రాణి చచ్చిన కుందేలును ఉంచి పోతుంది. సాకని తండ్రికి కూడు పెట్టిందన్నమాట! మూడో పాదం నాకు చాలా నచ్చింది.

మూడో పూరణ:

తోడు నిమ్మటన్న తుంచివైచె నతడు
పెండ్లి రేయి భార్య చచ్చిపోయె
నొంటివాని జేసి యొంటివాడైనట్టి
సృష్టికర్త తానె సృష్టి యయ్యె

నిర్వాహకుడు: అమ్మా, రెండో పాదంలో యతి తప్పింది. 'పె'కు 'చ' చెల్లదు. 'పీనుగయ్యె' అంటే సరిపోతుంది. భావం మాత్రం కథ గుండెకాయే. ఆర్క్‌నీ దీవిలో సగం చేసిన ఆడప్రాణిని విక్టర్ చీల్చేశాడు, దానికి బదులుగా అతని భార్య ఎలిజబెత్ ప్రాణం పోయింది. ఇక ఇద్దరికీ మిగిలింది ఒకరికొకరే. 'ఒంటివాడైనట్టి' అన్న మాట సమస్యపాదంలోకి అతుకు కనబడకుండా జారిపోయింది.

రెండో పూరణ కవి: నేను 'కొడుకు' అన్నాను గానీ, ఆ మాట విక్టర్ నోట ఒక్కసారైనా వస్తే ఈ కథే ఉండేది కాదు. ఇంకొకటి గమనించారా? మిల్టన్ కావ్యంలోని సైతానుతో ఆ ప్రాణీ తనను పోల్చుకుంటుంది, విక్టరూ పోల్చుకుంటాడు. నరకం తమలోనే ఉందని ఇద్దరూ అంటారు.

మూడో పూరణ కవయిత్రి: సవరించుకున్నానండీ, 'పీనుగయ్యె'. చివర్లో ధ్రువయాత్రికుడు వాల్టన్ నావలో విక్టర్ శవం మీద వంగి ఆ ప్రాణి ఏడ్చే ఘట్టం నన్ను వదలడం లేదు. దానికి ఆటవెలది చాలదు, సీసం ఎత్తుకున్నాను. రేపు పెడతాను.