అప్‌డేట్: చెల్లి పెళ్లి బట్టలకి చెన్నై వెళ్లొచ్చాం

కావలి నుంచి వెళ్తున్నాం, పెళ్లి బట్టలు టి.నగర్‌లో కొనాలా, షావుకారుపేటలో కొనాలా అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అన్నలకీ అక్కలకీ చాలా థ్యాంక్స్. రెండుచోట్లా తిరిగాం.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్‌కి వెళ్లి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కి మాంబళంలో దిగాం. బయటికొస్తే టి.నగర్ రంగనాథన్ వీధే. అక్కడ తోపులాట ఎక్కువ, పెద్దవాళ్లతో వెళ్తే నేరుగా పానగల్ పార్కు వైపు నడిచెయ్యండి. (ఆ పార్కు కాళహస్తిలో పుట్టి, ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన మన పానగల్ రాజా పేరు మీదిదే.) 1928లో మొదలైన నల్లి పట్టుచీరల కొట్టు ఉండేది అక్కడే.

తలంబ్రాల చీర దగ్గర మాత్రం అమ్మ అస్సలు తొందరపడలేదు. ప్రతి చీరా తిరగేసి, అంచూ ఒళ్లూ కలిసేచోట వేలితో తడిమి, జరీని వాకిట్లో వెలుతురుకి పట్టి చూసింది. లోపల లైట్లకి మెరిసిన ఒక ఆకుపచ్చ చీర బయట వెలవెలబోయింది, పక్కన పెట్టేసింది. చివరికి అసలు పట్టే అని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ ఉన్న కంచిపట్టు తీసుకున్నాం.

చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలకీ జాకెట్ గుడ్డలకీ మాత్రం షావుకారుపేట వైపున్న గోడౌన్ స్ట్రీటే మేలు. హోల్‌సేల్ కాబట్టి కొన్ని కొట్లలో విడిగా ఒక్కటి ఇవ్వరు, కట్టలుగానే. లేసులు, గాజులు షావుకారుపేటలో దొరికాయి.

చెల్లికి వెంకటగిరి చీర కూడా కావాలంట. అది ఇక్కడే, నేరుగా నేతగాళ్ల దగ్గరే తీసుకుంటాం.