సమస్యాపూరణం: మచ్చ లేని బొమ్మ మచ్చ చూపె

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది చివరి పాదం.

మచ్చ లేని బొమ్మ మచ్చ చూపె

సందర్భం ఇదీ. పెళ్లి దాటిన ప్రేమ మీద తీసిన సినిమా ఒకటి. ఒకప్పుడు హాల్లో చూశారు, తర్వాత అరిగిపోయిన క్యాసెట్లో చూశారు. ఇప్పుడు గీతలూ దుమ్మూ తీసేసిన కొత్త డిస్కు వచ్చింది. పూరణలో ఆ కథా తగలాలి, ఆ డిస్కూ తగలాలి. బొమ్మ అంటే మనవాళ్లకి సినిమా, అందగత్తె, తెర మీది దృశ్యం, అన్నీను. ఎవరికి నచ్చిన అర్థం వాళ్లు పట్టుకోండి. పాదంలో ఉన్నవి ఐదూ సూర్యగణాలే, ఐదూ హగణాలే (గురువు, లఘువు జంటలే), కాబట్టి కొత్తవాళ్లు భయపడక్కర్లేదు. ఆ పాదానికి యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదిరే మైత్రి) నేనే వేసిపెట్టాను. పై మూడు పాదాలు మీవి.

కొత్తకలం:
అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే తిట్టకుండా చెప్పండి.

భార్య యింట నుండ ప్రియురాలి తోనుండె
చొక్క మీద పెదవి సొగసు రంగు
కడిగి నాడు గాని కంటికి దొరికెను
మచ్చ లేని బొమ్మ మచ్చ చూపె

గణపాఠి:
తిట్టడానికేముంది, గణాలు చక్కగా నడిచాయి. మొదటి పాదంలో యతి మాత్రం పోయింది. భా కి ప్రి వేశారు. హల్లుల మైత్రి ఉంది, అచ్చులు కలవలేదు, ఆ ఎక్కడ, ఇ ఎక్కడ! 'ప్రియురాలి' తీసేసి 'పరకాంత' అనండి. గణం మారదు, యతి కుదురుతుంది. రెండో పాదంలో చొ–సొ బాగుంది.

ఇంకొకటి. కడిగాడు అంటున్నారు, మళ్లీ కంటికి దొరికింది అంటున్నారు. కడిగితే పోయిందా, పోలేదా? మూడో పాదం అది చెప్పకుండా జారుకుంది.

పాత క్యాసెట్టు:
చొక్కా మీద లిప్‌స్టిక్ మరక అనేది ఈ సమస్యకి అతికినట్టు సరిపోయే వస్తువండీ. వీహెచ్ఎస్ టేపు, అంటే ఆ పాత వీడియో క్యాసెట్టు, వెలుగునీడల వివరాన్ని 240 గీతల దాకా పట్టేది, రంగు వివరం అందులో చాలా తక్కువ. అందులోనూ ఎరుపు మరీ మొండిది, దాని హద్దుల్లో అది ఉండదు, పక్కకి కారిపోతుంది. మరకేదో, పక్కనున్న ఎర్ర దీపం రంగేదో తెలిసేది కాదు. అదే డిస్కులో చూస్తే మరకకి అంచు కనబడుతుంది. అంచు కనబడ్డాక మొగుడికి దాక్కోవడానికి చోటుండదు. పద్యంలో టేపు మాట ఒక్కటి పడి ఉంటే నేను లేచి నిలబడేవాణ్ణి.

చివరి వరుస:
నాది ఉంగరం కథ.

పాత టేపు నందు పట్టలే దెవ్వరు
వేలి మీది తెల్ల పెళ్ళి గీత
కొత్త డిస్కు లోన గుట్టంత విప్పుచు
మచ్చ లేని బొమ్మ మచ్చ చూపె

తెరచాటు:
అబ్బ! ఉంగరం కథ అన్నారు గానీ పద్యంలో ఉంగరం మాటే లేదు. తీసి జేబులో వేసుకున్నాడు కదా, పద్యంలోంచి కూడా తీసేశారన్నమాట. 'పెళ్ళి గీత' అన్న జంట మాటని ఇదివరకు నేను ఎక్కడా వినలేదు, విన్న వెంటనే అర్థమైంది. నాకు తెలిసి మంచి మాటకి అదే గుర్తు.

గణపాఠి:
వే–పె యతి ఒప్పే. 'టేపు నందు' మాత్రం గొంతులో పడింది. ఇంగ్లీషు మాట పక్కన గ్రాంథికపు 'అందు' ఎందుకు? టేపులోన అన్నా గణం అదే కదా.

చివరి వరుస:
మూడో పాదంలో 'లోన' ఉంది గురువుగారూ. రెండుసార్లు ఎందుకని.

గణపాఠి:
అలాగైతే సరే, ఉండనివ్వండి.

పాత క్యాసెట్టు:
ఒక అనుమానం. ఆ గీత పాత్రధారిదా, పాత్రదా? షూటింగ్ కోసం నటుడు తన సొంత పెళ్లి ఉంగరం తీసి పక్కన పెట్టాడేమో. కథలో వాడు బ్రహ్మచారి అయినా సరే, కొత్త 4కె డిస్కు 3840×2160 చుక్కల్లో వాడి వేలు వాణ్ణి పట్టిస్తుంది. పాత డీవీడీలో నిలువు 480 గీతలో, 576 గీతలో ఉండేవి కాబట్టి ఇలాంటివి కొట్టుకుపోయేవి. మేకప్ వాళ్లు కూడా ఆ ధైర్యంతోనే ఉండేవాళ్లు.

తెరచాటు:
చివరికి పాపం ఏ పాపమూ ఎరగని నటుడి మీదికి వచ్చిందన్నమాట!

గణపాఠి:
అందరివీ దిద్దుతూ కూర్చుంటే ఎలా, నేనూ ఒకటి.

ముఖము మీది గీత మొత్తమూ తుడిచేసి
మైన మద్దినట్టి మగువ జేసి
శుద్ధి చేయ బోయి చోద్యమే చేసిరి
మచ్చ లేని బొమ్మ మచ్చ చూపె

డిస్కు శుభ్రంగా ఉండాలని మరీ తుడిస్తే ఆ తుడుపే మచ్చ అయిందని భావం.

చివరి వరుస:
గురువుగారూ, ఇప్పుడు మా వంతు. జేసి, చేయ, చేసిరి. రెండు పాదాల్లో మూడు 'చేయు'లు. మేము రాస్తే ఊరుకునేవారా?

గణపాఠి:
ఊరుకోను. దొరికిపోయాను. రెండో పాదం 'మగువ నిలిపి' అనీ, మూడోది 'శుద్ధి పేర నెంత చోద్యమో చూడుమా' అనీ మారుస్తున్నాను.

పాత క్యాసెట్టు:
మైనం పోలిక నూటికి నూరు పాళ్లు నిజం. ఫిల్ము మీద కనబడే గ్రెయిన్‌ని చాలామంది దుమ్ము అనుకుంటారు. దుమ్ము పైన పడేది, గ్రెయిన్ లోపలిది. ఫిల్ములోని రసాయన రేణువులతోనే బొమ్మ ఏర్పడుతుంది, ఆ రేణువుల అమరిక ఫ్రేము ఫ్రేముకీ మారడమే మనకి కదిలే గ్రెయిన్‌గా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పెట్టి దాన్ని అతిగా తోమితే దాంతోపాటు చర్మం మీది సన్నటి గీతలు, వెంట్రుకలు, బట్టల నేత కూడా పోతాయి. ఇలాంటి కథల్లో నటన సగం కళ్ల కింద గీతల్లోనే ఉంటుంది. రాత్రి ఆలస్యంగా వచ్చిన భర్తని ఏమీ అడగకుండా చూసే భార్య ముఖం మీద గీతలు తుడిచేస్తే, ఆమె ఊరికే గోడ వైపు చూస్తున్నట్టుంటుంది.

కొత్తకలం:
నాకైతే శుభ్రంగా ఉంటేనే ఇష్టమండీ. పెద్ద టీవీలో గ్రెయిన్ చీమలు పాకినట్టుంటుంది. తప్పా?

పాత క్యాసెట్టు:
తప్పేం లేదు. ముందు టీవీలో షార్ప్‌నెస్ తగ్గించి చూడండి. సగం చీమలు టీవీ పెట్టినవే.

నిర్వాహకుడు:
గణపాఠి గారూ, పద్యం దిద్దాక నడక బాగుపడింది. కానీ అడిగిన రెంటిలో డిస్కు వచ్చింది, కథ రాలేదు. ఏ సినిమాకైనా సరిపోయే పూరణ ఇది. వివరణలో ఉన్న భార్య పద్యంలో లేదు, ఆ వివరణ కూడా మీది కాదు, పాత క్యాసెట్టు గారిది.

ఎర్రతెర:
నేను ఒక నిజం సినిమా మీద రాశాను. 2000లో వచ్చిన హాంకాంగ్ సినిమా 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్', వాంగ్ కార్-వై తీసింది. కథ 1962లో మొదలవుతుంది. పక్కపక్క వాటాల్లో రెండు జంటలు. ఒక వాటాలోని భార్యకీ పక్క వాటాలోని భర్తకీ సంబంధం ఉందని మిగిలిన ఇద్దరికీ ఒక హ్యాండ్‌బ్యాగు వల్లా ఒక టై వల్లా తెలుస్తుంది. తప్పు చేసినవాళ్ల ముఖాలు సినిమాలో మనకి కనబడవు. ఎరుపుకి పేరుపడ్డ సినిమా. 2021లో దాని 4కె రెస్టొరేషన్ (పాత ఫిల్మును బాగుచేసి తీసిన కొత్త ప్రతి) డిస్కు మీదికి వచ్చినప్పుడు రంగులు పచ్చ వైపు జరిగాయని అభిమానులు గోల పెట్టారు. ఆ మార్పు దర్శకుడు చేసిందే.

ఎరుపు గోడ పైన నేలనో పచ్చన
దర్శకుండె మార్చె దాని రంగు
కొత్త మెరుగు లోన కోల్పోతి పాతది
మచ్చ లేని బొమ్మ మచ్చ చూపె

గణపాఠి:
ఎ–నే స్వరయతి సరిగ్గా ఉంది. 'పైన + ఏలనో' అని విడదీసుకుంటే తెలుస్తుంది, కొత్తవాళ్లు గమనించండి. 'దర్శకుండె' కూడా బాగుంది, వ్యావహారికానికీ గ్రాంథికానికీ మధ్యలో నిలబడింది.

తెరచాటు:
నాకు దీనిలో ఇంకో అర్థం కూడా దొరికింది. సినిమాలో మొగుడూ పెళ్లామూ మాట తప్పారు, బయట దర్శకుడు తన పాత సినిమాకే మాట తప్పాడు. మూడో పాదంలో 'కోల్పోతి' అన్న ఉత్తమపురుష అందుకే గట్టిగా తగిలింది. మోసపోయిన ఆలి గొంతు అది.

ఎర్రతెర:
అంత ఆలోచించి రాయలేదు. కానీ నేనే ఆలోచించానని చెప్పుకుంటాను.

నిర్వాహకుడు:
దర్శకుడి వైపు కూడా ఒక మాట. ఒకే నదిలో ఎవరూ రెండుసార్లు దిగలేరన్న పాత సామెతని ఆయన ఆ రెస్టొరేషన్ సందర్భంగా చెప్పుకున్నారు. నదీ మారుతుంది, మనిషీ మారతాడు. సమర్థన బాగానే ఉంది. అయితే పాత నది కావాలనేవాళ్లు తమ పాత బ్లూ-రే డిస్కుని అమ్ముకోకుండా దాచుకోవడమే మంచిది.

తెరచాటు:
నా పూరణలో బొమ్మ తెర మీద లేదు, సోఫాలో ఉంది.

ఇరువు రొక్క చోట నీ సినిమా చూడ
మొగుడు తెల్లబోయి ముఖము దాచె
తెరను విడిచి భార్య తిరిగి యాతని చూచె
మచ్చ లేని బొమ్మ మచ్చ చూపె

చివరి వరుస:
చంపేశారు. నాలుగు పాదాల్లో ఒక కాపురం.

గణపాఠి:
'మొగుడు' పక్కన 'యాతని' కాస్త ఎగుడుదిగుడు. దాన్ని క్షమించేస్తున్నాను, ఎందుకంటే 'తెల్లబోయి' అన్న మాట అక్కడ రెండు పనులు చేస్తోంది, తెర వెలుగు మొహం మీద పడటమూ ఉంది, దొరికిపోవడమూ ఉంది. నా అభ్యంతరం వేరు. 'ఈ సినిమా' అన్నారు, ఏ సినిమా? డిస్కు సంగతి ఏది? నా పద్యానికి కథ లేదన్నారు, దీనికి డిస్కు లేదు.

తెరచాటు:
ఇంట్లో సోఫాలో చూస్తున్నారు కదండీ, హోం వీడియో కాక మరేమిటి! కానీ ఒప్పుకుంటాను, బొమ్మ నాణ్యత గురించి ఒక్క అక్షరం లేదు.

పాత క్యాసెట్టు:
పద్యాలు రాయడం నాకు పెద్దగా రాదు. ఇంతసేపు మాట్లాడాక రాయకపోతే బాగోదని ప్రయత్నించాను. విషయం ఇది. వెడల్పు సినిమా 2.35:1 నిష్పత్తిలో ఉంటుంది, పాత టీవీ 4:3. తెర నిండాలని క్యాసెట్లకి పక్కలు కోసేసేవాళ్లు, దాదాపు 43 శాతం బొమ్మ పోయేది. మధ్యలో మాట్లాడుకునే ప్రేమికులు మిగిలేవాళ్లు. అంచున గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న మనిషి కత్తిరింపులో పోయేది.

పాత పెట్టె కొరకు పక్కలు కోసిరి
తలుపు చాటు భార్య తప్పి పోయె
నిండు తెరను నేడు నిలబడి చూచెడి
మచ్చ లేని బొమ్మ మచ్చ చూపె

గణపాఠి:
పెద్దగా రాదా? మూడో పాదం చివర 'చూచెడి' విశేషణమై సమస్యలోకి నడిచి వెళ్లింది చూడండి. మిగతా మా అందరి పద్యాల్లో నాలుగో పాదం అతుకు వేసినట్టుంది, ఇందులో కుట్టు కనబడలేదు. మచ్చ లేనిది భార్య, మచ్చ మొగుడిది, చూపించింది డిస్కు. యతులు పా–ప, త–త, నిం–ని. వంక పెట్టడానికి వెతుకుతున్నాను. 'కోసిరి' కర్త ఎవరో చెప్పలేదు, అంతే.

తెరచాటు:
'తప్పి పోయె' చదివి ఆగిపోయాను. తప్పు చేసినవాళ్లు తెర మీదే ఉన్నారు, తప్పిపోయింది మాత్రం ఆమె. నా ఓటు దీనికే.

చివరి వరుస:
నా ఉంగరం ఓడిపోయింది. సంతోషమే.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం పాత క్యాసెట్టు గారిది, ఎవరూ కాదనరు. రెండోది 'పెళ్ళి గీత'కి ఇస్తున్నాను. తెరచాటు గారు అలగకండి, సోఫా పద్యం నాకు సొంతంగా బాగా నచ్చింది, కానీ నియమం నియమమే.

కొత్తకలం:
ఆలస్యమైందని తెలుసు. దిద్దుకున్నాను, ఒకసారి చూడరా? లిప్‌స్టిక్ మైనం, నూనెల ముద్ద కదా, నీళ్లకి కరగదు. మూడో పాదానికి అదే ఆధారం చేసుకున్నాను.

భార్య యింట నుండ పరకాంత తోనుండె
చొక్క మీద పెదవి సొగసు రంగు
కడిగి నాడు గాని కరగక మిగిలెను
మచ్చ లేని బొమ్మ మచ్చ చూపె

గణపాఠి:
గణాలు సరే, యతి సరే. చొక్కా కూడా ఇప్పుడు సరిగ్గా మాసింది.