ప్రాటోను ఫ్లోరెన్స్ కొనుక్కుందా?

గోదారిగట్టు:
1351లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం, తన పక్కనున్న ప్రాటో పట్టణాన్ని నేపుల్స్ రాణి జోవాన్నా దగ్గర 17,500 ఫ్లోరిన్లకు (బంగారు నాణేలకు) కొనుక్కుంది. అలాంటి నగరాన్ని స్వేచ్ఛకు పుట్టిల్లు అని పొగడటం న్యాయమేనా?

రాతికోట:
కొన్నది ఏలే హక్కును, ఊరిని కాదండీ. ప్రాటో సభ, ప్రాటో శాసనాలు ఆ తర్వాతా ఉన్నాయి. శాన్ జిమిన్యానో అనే ఇంకో ఊరైతే 1353లో తనే వచ్చి ఫ్లోరెన్స్‌కి లొంగింది. 'కొనుక్కుంది' అనే మాట వెనక్కి తీసుకోండి.

చిన్నక్క:
1348 ప్లేగుకి చితికిపోయి, ఊళ్లో కుటుంబాలు కొట్టుకుంటుంటే లొంగింది. అది తనే రావడమా?

రాతికోట:
ఎందుకొచ్చిందన్నది వేరే సంగతి. నేనడిగింది ఆ ఒక్క మాట గురించి.

గోదారిగట్టు:
మాట పట్టుకుని వేలాడుతున్నారు. సభ ఉంది సరే, దాని శాసనాలకు ఫ్లోరెన్స్ ఆమోదం కావాలి. తీర్పు చెప్పే పొదెస్తా అనే అధికారి ఫ్లోరెన్స్ నుంచే దిగేవాడు. ఎస్తిమో అనే నేరుపన్నును 1315లో నగరంలో ఎత్తేసి, పల్లెల మీద ఉంచారు. నగరం వాళ్లు ప్రభుత్వానికి అప్పిచ్చి వడ్డీ తిన్నారు. మా ఊరిని మున్సిపాలిటీలో కలిపాక ఇంటిపన్ను పెరిగింది, మురుగుకాలవ మాత్రం రాలేదు. నాకు ఇది పుస్తకాల్లో విషయం కాదు.

రాతికోట:
మీ మురుగుకాలవకూ ప్రాటోకూ ఏం సంబంధం? 1427లో కాటాస్తో అనే ఆస్తిపన్ను పెట్టి నగరం వాళ్ల ఆస్తులూ లెక్కగట్టారు కదా!

గోదారిగట్టు:
ఆ కాటాస్తో మీదే 1429లో ఫ్లోరెన్స్ కింద ఉన్న వోల్టెర్రా ఊరు తిరగబడింది! 1472లో అక్కడి పటిక గని తగాదాకి ఫ్లోరెన్స్‌ని నడిపిస్తున్న లొరెంజో మెదీచీ సైన్యాన్ని పంపాడు. ఊరు లొంగిపోయాక కూడా దోచుకున్నారు. ఆ తర్వాత పెంచి కట్టిన కోట ఈరోజుకీ జైలుగానే ఉంది. దీన్నీ ఏలే హక్కే అంటారా? సిగ్గుండాలి.

చిన్నక్క:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

రాతికోట:
సిగ్గు మాట అన్నారు కాబట్టి చెప్తున్నా. మా పొలాన్ని ఊరి పెద్దలే కలిపేసుకున్నారు. పంచాయతీ వాళ్లదే, సాక్షులూ వాళ్లే. బయట కోర్టుకెక్కితేనే తిరిగొచ్చింది. అందుకే బయటి నుంచి వచ్చే న్యాయాధికారి అంటే నాకు భయం లేదు, ఊరి స్వేచ్ఛ అంటేనే భయం.

గోదారిగట్టు:
ఇది ముందే చెప్పాల్సింది. సిగ్గు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మీ కోర్టుకి మీ భూమితో లాభం లేదు. వోల్టెర్రా పటిక తగాదాలో తీర్పరీ ఫ్లోరెన్సే, ప్రతివాదీ ఫ్లోరెన్సే. నగర సభల్లో ఆ ఊరికి ఒక్క సీటైనా లేదు.

రాతికోట:
లేదు, నిజమే. ఉంటే మాత్రం ఆ సీటు ఎవరికి దక్కేది? ఊరిని పంచుకుని తిన్న ఆ నాలుగు కుటుంబాలకేగా.